పాతబస్తీలో మంచి గంధం

మేము గౌలిపురాలో ఉన్న రోజుల్లో గంధం పొడి డబ్బా మా ఇంటికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. పూజకు, పేరంటానికి, ఎండాకాలం చెమటకాయలకు, అన్నిటికీ ఒకటే చెక్క, ఒకటే సానరాయి. రెండూ దేవుడి గూటి కింద అరలో ఉండేవి. చెక్కను మెత్తటి పాత పంచె ముక్కలో చుట్టి పెట్టేది నాయనమ్మ. ఆ గుడ్డ విప్పిందంటే వాకిట్లో ఆడుకుంటున్న మాకు కూడా తెలిసిపోయేది.

ఆ చెక్కను మా తాత మైసూరు నుంచి తెచ్చాడట, నేను పుట్టకముందు. జానెడుకు కాస్త ఎక్కువ పొడుగు. ఒక చివర ఏటవాలుగా అరిగిపోయి ఉండేది. నాయనమ్మ ఏళ్ళ తరబడి ఒకే చివరను, ఒకే వైపు పట్టుకుని గంధం తీసింది కాబట్టి ఆ అరుగుదల ఆమె చేతివాటం ప్రకారమే వచ్చింది. అమ్మ పట్టుకున్నా, చిన్నమ్మ పట్టుకున్నా చెక్క సాన మీద సరిగ్గా ఆనేది కాదు. మణికట్టు కొంచెం వంచి, ఆమె పట్టుకున్నట్టే పట్టుకోవాలి. అప్పుడు చెక్క మొత్తం రాయికి తగిలేది.

గంధం తీయడంలో ఆమె తొందరపడేది కాదు. రాయి కడిగి, ఉద్ధరిణెతో రెండు చుక్కల నీళ్ళు వేసి, చెక్కను నిలబెట్టి గుండ్రంగా తిప్పేది. మొదట ఏమీ రాదు, నీళ్ళు కాస్త మసకబారతాయి అంతే. తిప్పగా తిప్పగా చెక్క చివర చుట్టూ మీగడ రంగు ముద్ద చేరుతుంది. వాసన కూడా అప్పుడే లేస్తుంది. పొడి చెక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నా రాని వాసన, తడి తగిలి, రాయికి రాసుకుని, కాస్త వెచ్చబడ్డాక వచ్చేది. ముద్దను వేలి చివరతో తీసి వెండి గిన్నె అంచుకు రాసి, మళ్ళీ రెండు చుక్కలు వేసేది. చిన్న గిన్నెకు సరిపడా తీసేసరికి పొద్దుటి చాయ్ టైమ్ ఎప్పుడో దాటిపోయేది.

"గంత ఒత్తకు బిడ్డా. చెక్క బరువే చాలు. ఒత్తితే రవ్వరవ్వ వస్తది, మెత్తగ రాదు" అని నా చేతి మీద చెయ్యి వేసి తిప్పించేది. పని అయ్యాక చెక్కను తుడిచి నీడన ఆరబెట్టేది. ఎండలో పెడితే పగులుతుందని భయం. సాన కడిగిన నీళ్ళు కూడా పారబోయనిచ్చేది కాదు, అవి తులసి కోటలోకే.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కరెంటు పోతే పిల్లలమందరం బండల మీద పడుకునేవాళ్ళం. నాయనమ్మ గంధం తీసి మా వీపుల మీద, మెడల మీద చెమటకాయలకు రాసేది. తడిగా ఉన్నప్పుడు చల్లగా హాయిగా ఉండేది. ఆరేకొద్దీ చర్మం కొంచెం బిగుసుకునేది. నిద్ర లేచేసరికి చాపంతా తెల్లటి పొడి రాలి ఉండేది, వాసన మాత్రం సాయంత్రం స్నానం దాకా వదిలేది కాదు.

శ్రావణ శుక్రవారం పేరంటంలో గంధం గిన్నె పట్టుకునే పని నాది, పన్నీరు బుడ్డి చెల్లెలిది. ఆ రోజు గంధంలో చిటికెడు పచ్చకర్పూరం కలిపేది అమ్మ. వచ్చిన ముత్తయిదువలు కూర్చుని గడ్డం కొంచెం పైకెత్తి మెడ చూపిస్తే నేను రెండు వేళ్ళతో రాయాలి. కొందరికి చక్కిలిగింత పుట్టి నవ్వేవాళ్ళు. పక్కింటి ఖాలా కూడా తప్పకుండా వచ్చేది. ఆమె చెయ్యి చాపితే ముంజేతికి రాసేదాన్ని. రంజాన్ నాడు వాళ్ళింటికి పోతే షీర్ ఖుర్మా గిన్నె చేతికి ఇచ్చేముందు ఆమె మా చేతి వెనక అత్తరు రాసేది. అందులోనూ అడుగున ఈ వాసనే ఉండేది. చిన్నపిల్లలం, అది మా ఇంటి వాసనే వాళ్ళింట్లో కూడా ఉందని సంబరపడేవాళ్ళం.

నాయనమ్మకు సింహాచలం చూడాలని కోరిక. అక్షయ తృతీయ నాడు మాత్రమే అప్పన్న నిజరూపం కనిపిస్తుంది, మిగతా ఏడాదంతా స్వామి గంధం కింద ఉంటాడని చెప్పేది. ఆ రోజున మూడు మణుగులు, ఆ తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు మూడేసి మణుగుల చొప్పున గంధం సమర్పిస్తారు. అంటే మొత్తం పన్నెండు మణుగులు, సుమారు 500 కిలోలు. "ఒక్క గిన్నెకే మన చెయ్యి గుంజుతది గదా, అంత గంధం ఎట్ల తీస్తరో" అని ఆశ్చర్యపోయేది. బాపు ఒకసారి తీసుకుపోయాడు. వచ్చాక చాలా రోజులు ఆ ముచ్చటే.

ఇంట్లో గంధం నాయనమ్మది అయితే, బయట గంధం బాపుది. ఆయన స్కూల్ టీచర్. జీతం వచ్చిన వారంలో చార్మినార్ వైపు పోతే పత్తర్‌గట్టీ సందులో ఒక అత్తరు దుకాణంలో ఆగేవాడు. మడిగె అంటే ఇద్దరు నిలబడితే నిండిపోయేంత. గోడ పొడుగునా అద్దాల అలమారా, దాని నిండా గాజు బిరడాల సీసాలు. దుకాణం చాచా తెల్లటి గడ్డంతో మెత్తటి పరుపు మీద కూర్చునేవాడు. బాపును "ఆయియే మాస్టర్ సాబ్" అని పిలిచి, నాకు మాత్రం తెలుగు, ఉర్దూ కలిపి చెప్పేవాడు. గాజు పుల్లతో చేతి వెనక ఒక్క గీత గీసి, "రుద్దకు బేటా, అట్లనే ఉండనియ్యి" అనేవాడు. రుద్దితే వేడికి ముందు వచ్చే సువాసన ఆవిరైపోతుందట.

మజ్మువా, షమామా, ఖస్, హినా, గులాబ్. ఒక్కొక్కటీ చూపించి చివరికి సందల్, అంటే గంధం అత్తరు, తీసేవాడు. మొదట అది నాకు ఏమీ అనిపించేది కాదు. గులాబ్ పక్కన పెడితే వాసన ఉందా లేదా అనిపించేంత నెమ్మది. ఇంటికి వచ్చి అన్నం తిని పడుకునే వేళకు గులాబ్ జాడ ఉండేది కాదు, సందల్ గీసిన చోట మాత్రం వెచ్చగా అప్పుడే మొదలైనట్టు ఉండేది. మర్నాడు స్కూల్లో కూడా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేదాన్ని.

"ఏ అత్తరుకైనా కింద సందల్ ఉండాలె. అది లేకుంటే పువ్వు గంటల ఎగిరిపోతది" అనేవాడు చాచా. ఆయన సరుకు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ నుంచి వచ్చేది. అక్కడ పెద్ద రాగి డేగ్‌లో పూలు, నీళ్ళు పోసి, మూతను మట్టితో మెత్తి, కట్టెల పొయ్యి మీద కాస్తారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి భప్కా అనే ఇంకో రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ భప్కాలో ముందే గంధం నూనె పోసి ఉంటుంది. దిగిన పూల వాసనను ఆ నూనె పట్టుకుంటుంది. రోజుల తరబడి కొత్త పూలు వేస్తూ, మళ్ళీ మళ్ళీ కాస్తూ ఆ నూనెకు వాసన పట్టిస్తారు. మట్టి అత్తరు కూడా అంతే. కాల్చిన మట్టిని డేగ్‌లో వేసి కాస్తే తొలకరి వాసన గంధం నూనెలోకి దిగుతుంది. వానాకాలం మొదట్లో బాపు చిన్న సీసా అదే కొనేవాడు. ఒక్క చుక్క దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకుని స్కూలుకు పోయేవాడు.

గంధం నూనెలో ఎక్కువ భాగం శాంటలాల్ అనే పదార్థం, ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. బరువైన అణువులు కాబట్టి నెమ్మదిగా ఆవిరవుతాయి, తమతో కలిసిన తేలిక వాసనలను కూడా త్వరగా పోనివ్వవు. ఇది నేను చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. చాచా ఏ పుస్తకమూ లేకుండా నా చేతి మీద చూపించింది ఇదే.

జనవరిలో కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గా ఉర్సుకు పోయేవాళ్ళం. మా వైపు చాలా ఇళ్ళలో అక్కడ కందూరు మొక్కు, అంటే దర్గా దగ్గర వండి విందు పెట్టే మొక్కు, ఉండేది. గంధం రోజున గంధం గిన్నెలు తల మీద పెట్టుకుని, పైన చాదర్ పట్టి, డప్పులతో ఊరేగింపుగా తెస్తారు. జనంలో ఎవరికి ఏ భాష వచ్చినా ఆ గిన్నె దగ్గరికి రాగానే చెయ్యి చాపేవాళ్ళే. అక్కడ వేలికి అంటిన గంధాన్ని నాయనమ్మ తన మెడకు రాసుకుని మిగిలింది మా నుదుటికి రాసేది.

సబ్బు సంగతి చెప్పకపోతే ఆ రోజులు పూర్తి కావు. మైసూర్ శాండల్ సబ్బు చుట్టాలు వచ్చినప్పుడే బయటికి తీసేవాళ్ళు. అయిపోయిన పెట్టెలను అమ్మ పట్టుచీరల మధ్య పెట్టేది. ఆ సబ్బు వెనక పెద్ద కథే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంతో మైసూరు గంధపు చెక్క యూరప్‌కు పోవడం ఆగిపోయి సరుకు గుట్టలు పడింది. అప్పటి మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1916లో మైసూరు సంస్థానంలోనే నూనె ఫ్యాక్టరీ పెట్టించారు. ఆ నూనెతోనే సబ్బు వచ్చింది. మూసీ వరదల తర్వాత మన హైదరాబాద్‌కు వచ్చి రిజర్వాయర్ల ప్లాను ఇచ్చిన విశ్వేశ్వరయ్యే ఈయన. బాపు ఈ మాట ఎంతో గౌరవంగా చెప్పేవాడు.

ఇన్ని వాసనలు తెలిసినా గంధం చెట్టు ఎట్లా ఉంటుందో నాకు చాలా కాలం తెలియదు. చూపించింది సైదాబాద్‌లోని పెద్దనాయన. ఆయన అటవీ శాఖలో పనిచేసేవాడు. పెద్దమ్మ వాళ్ళ పెరడు పెద్దది. ఒక మూల వేపచెట్టు, దాని పక్కన జామ, కరివేపాకు. వేపచెట్టు కింద ఎవరూ నాటకుండానే ఒక మొక్క లేచి, మేము చూస్తుండగానే మనిషెత్తు దాటిపోయింది. ముదురు రంగు బెరడు, సన్నగా వాలిన కొమ్మలు, ఎదురెదురుగా నున్నటి ఆకులు. పూలు చిన్నవి, ముదురు ఎరుపు. నల్లటి చిట్టి కాయలు కాస్తే కోయిలలు, పిగిలిపిట్టలు వాలేవి. విత్తనాలు అట్లాగే ఊరంతా చేరతాయి. ఈ చెట్టును కూడా ఏదో పిట్టే వేసింది.

ఆకు నలిపాం, పూవు వాసన చూశాం, పుల్ల విరిచాం. ఎక్కడా గంధం లేదు. నేను మొహం చిన్నబుచ్చుకుంటే పెద్దనాయన పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "వాసన చేవలో ఉంటది బిడ్డా. పైచెక్క తెల్లగ ఉంటది, దాంట్ల ఏం ఉండదు. నడుమ చేవ పట్టాలంటే పది పదిహేనేండ్లు గావాలె. మంచిగ ముదరాలంటే ముప్పై ఏండ్లు." ఆ తర్వాత గడ్డపారతో వేపచెట్టు వైపు కాస్త మట్టి తవ్వి చూపించాడు. గంధం చెట్టు సన్నటి వేరు ఒకటి వేపవేరు మీదికి పాకి, చిన్న బుడిపెతో దాన్ని అంటిపెట్టుకుని ఉంది. గంధం తన తిండి తానే ఆకుల్లో తయారు చేసుకుంటుంది గానీ, నీళ్ళు, లవణాలు మాత్రం ఇట్లా పక్క చెట్ల వేళ్ళలోంచి తీసుకుంటుంది. నర్సరీల్లో అందుకే గంధం మొక్క కుండీలో కందినో, పొన్నగంటి కూరనో కూడా పెంచుతారు. పక్కన తోడు చెట్టు లేకపోతే అది బలంగా ఎదగదు. మట్టిలో ఆ బుడిపెను వేలితో తాకి చూశాను. నేలపైన వేప వేప లాగే ఉంది, గంధం గంధం లాగే ఉంది. కింద ఇట్లా కలిసి ఉన్నాయని పైనుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది?

ఆ చెట్టును కొట్టడానికి వీలు లేదని కూడా ఆయనే చెప్పాడు. 1792లో టిప్పు సుల్తాన్ గంధాన్ని రాజవృక్షంగా ప్రకటించినప్పటి నుంచి మైసూరులో అది ఎవరి నేలలో మొలిచినా సర్కారుదిగానే ఉండేది. మన దగ్గర కూడా కొట్టాలన్నా, తరలించాలన్నా పర్మిట్ ఉండాల్సిందే. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టాలు మార్చి సొంత నేలలోని చెట్టు మీద యజమానికి హక్కు ఇచ్చాయి. అంతవరకు రైతు పొలంలో గంధం మొలిస్తే సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉండేది. పైగా స్పైక్ తెగులు. 1899లో కొడగులో మొదట గుర్తించిన ఆ జబ్బు వస్తే ఆకులు చిన్నవై, కొమ్మలు ముళ్ళ మాదిరి నిక్కబొడుచుకుని రెండు మూడేళ్ళలో చెట్టు చచ్చిపోతుంది. పాత అడవుల్లో ఎన్నో చెట్లు అట్లానే పోయాయి, మిగిలినవి దొంగల పాలయ్యాయి.

సైదాబాద్ చెట్టూ దొంగల పాలే అయింది. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక రాత్రి గోడ దూకి వచ్చి కోసుకుపోయారు. అంతకు ముందు వారమే కాండం మీద వడ్రంగి బర్మాతో వేసిన సన్నటి రంధ్రం పెద్దమ్మకు కనిపించింది, పురుగు పట్టిందేమో అనుకుంది. చేవ పట్టిందా లేదా చూడడానికి వాళ్ళు చేసే పని అది. పొద్దున మేము పోయేసరికి మొద్దు మిగిలి ఉంది. తెల్లటి పైచెక్క మధ్యలో గోధుమరంగు వలయం, రూపాయి బిళ్ళంత. నేను వంగి వాసన చూశాను. నాయనమ్మ సాన మీద వాసనే, కాకపోతే పచ్చిది. పెద్దనాయన అంత కోపంగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. "ఇంకో ఇరవై ఏండ్లు ఆగితే చెట్టు అయ్యేది. గింతదానికి కొట్టిన్రు" అన్నాడు. వానలు పడ్డాక వేళ్ళలోంచి పిలకలు లేచాయి. ఆయన వాటి చుట్టూ ముళ్ళకంప కట్టాడు. తర్వాత ఆ ఇల్లు అమ్మేశారు, ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్.

ఇప్పటికీ మన నగరంలో పార్కుల్లోంచి, పెద్ద క్యాంపస్‌లలోంచి గంధం చెట్లు కోసుకుపోయారని వార్త కనిపిస్తే నాకు ఆ వలయమే కళ్ళ ముందుకు వస్తుంది. మొయ్యగలిగినంత ముక్క కోసం ముప్పై ఏళ్ళ ఎదుగుదల పోతుంది. ప్రపంచంలో ముప్పు పొంచి ఉన్న జాతుల పట్టికలో గంధం 1998 నుంచీ ఉంది.

నూనె ధర పెరిగాక కన్నౌజ్‌లో కూడా చాలామంది భప్కాలో గంధం నూనెకు బదులు లిక్విడ్ పారాఫిన్ పోయడం మొదలుపెట్టారు. పూవు అదే, డేగ్ అదే, కింద పట్టుకునే నూనె మారిపోయింది. చాచా పోయాక దుకాణం కొడుకు చూసుకుంటున్నాడు. మొన్నామధ్య పోతే అసలు సందల్ సీసా లోపలి నుంచి తెచ్చి చూపించాడు, బయట పెట్టడం లేదట. అడిగేవాళ్ళు తక్కువ, నకిలీ ఇదీ ఒకటే అనుకునేవాళ్ళు ఎక్కువ. నాకు చాలా బాధ వేసింది. అగరుబత్తిలో, రూమ్ స్ప్రేలో వచ్చే ఘాటునే గంధం అనుకుని పెరుగుతున్న పిల్లలకు ఒక్కసారైనా అసలు చెక్క చేతికి ఇవ్వాలి అనిపిస్తుంది నాకు. కొనేటప్పుడు మాత్రం తడి రాయి మీద రుద్ది చూడండి. పైన సెంటు పూసిన చెక్కకు పొర అరిగేకొద్దీ వాసన తగ్గుతుంది, అసలు గంధానికి అరిగేకొద్దీ పెరుగుతుంది. బిల్లు ఇచ్చే ప్రభుత్వ ఎంపోరియంలోనే కొనండి, దొంగ చెక్కకు మన డబ్బు పోకూడదు.

శంకర్‌పల్లి, షాద్‌నగర్ రోడ్ల మీద శ్రీగంధం మొక్కలతో ఫామ్ ప్లాట్లు, పదిహేనేళ్ళలో కోట్లు అని బోర్డులు కనిపిస్తుంటాయి. ఆ లెక్కలు చూసి కొనేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మంచి చేవ చెక్క వంద కిలోలు ఉంటే వచ్చే నూనె సుమారు నాలుగు నుంచి ఆరు కిలోలు. ఆ చేవ పట్టేదాకా కాపలా కాయాలి, పక్కన తోడు చెట్టును బతికించాలి. మొక్క నాటి గేటు వేసి వెళ్ళిపోతే కుదరదు.

మా చిన్నమ్మ కొడుకు మాత్రం అట్లా కాదు. వికారాబాద్ దగ్గర సొంత చెలకలో మొక్కలు పెట్టి, మధ్య మధ్య కంది, సరుగుడు వేసి, అక్కడే ఉండి చూసుకుంటున్నాడు. నాయనమ్మ చెక్క ఇప్పుడు బొటనవేలంత మిగిలింది, చెల్లెలి దగ్గర ఉంది. శ్రావణంలో తప్ప తీయడం లేదు. మొన్న తమ్ముడి చెలకకు పోయినప్పుడు ఆ మాటే చెప్తే, "అక్కా, ఇంకా పదేండ్లు ఆగాలె, అప్పుడు నీకు మంచి చెక్క ఇస్త" అన్నాడు. గంధం చెట్టును మొదలు దగ్గర కోయరు, వేళ్ళతో సహా తవ్వి తీస్తారు, నూనె వేరులోనే ఎక్కువ. పెద్దనాయన చెప్పిన సంగతే. పర్మిట్ వచ్చి చెట్టు తీసిన రోజున కాండం నువ్వు అమ్ముకో, లావుపాటి వేరు ముక్క ఒకటి మాత్రం నా కోసం పక్కన పెట్టు అని తమ్ముడికి చెప్పి వచ్చాను.